పాలు తగ్గాయా? దాణా మార్చే ముందు గడ్డి ఎక్కడిదో చూడండి

గేదె పాలు తగ్గితే చాలామంది ముందు దాణా బస్తా మారుస్తారు. గోదావరి డెల్టాలో తప్పు ఎక్కువసార్లు బస్తాలో ఉండదు. కాలువగట్టు గడ్డిలోనో, ఇంటి వెనక గడ్డిమేటులోనో ఉంటుంది.

సమస్య: మేత మేస్తున్నా చిక్కిపోతోంది, పలచగా పారుతోంది, పాలు తగ్గాయి. దవడ కింద నీరు దిగింది. వేలితో నొక్కితే సొట్ట పడి కాసేపు అలాగే ఉంటోంది.

కారణం: చాలావరకు కార్జపు జలగలే. పేడలో పడ్డ గుడ్లు నీళ్లలో పొదుగుతాయి, ఆ పిల్లలు నత్తల్లో చేరి పెరుగుతాయి. తర్వాత బయటికొచ్చి నీటి అంచున గడ్డి కాడలకు అంటుకుంటాయి. బోదెల్లో, మురుగు కాలువల పక్కన కోసుకొచ్చిన పచ్చగడ్డితో గేదె కడుపులోకి పోతాయి.

పరిష్కారం: తాజా పేడ చిన్న డబ్బాలో పెట్టి పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించండి. "నట్టల మందు తాగించాం కదండీ" అంటే సరిపోదు, అన్ని నట్టల మందులూ జలగల్ని చంపవు. ట్రైక్లాబెండజోల్, ఆక్సిక్లోజనైడ్ లాంటివి కావాలి. ఏది, ఎంత అన్నది గేదె బరువు చూసి డాక్టరు చెప్పాలి. చూడి గేదె అయితే ముందే చెప్పండి. పాలు ఎన్ని రోజులు వాడకూడదో కూడా అడగండి.

గడ్డి కోసేటప్పుడు నీళ్లలో మునిగిన మొదళ్లు వదిలేసి పైన కోయండి. కోతలయ్యాక బాతుల మంద చేలోకి వస్తానంటే కాదనకండి, నత్తల్ని ఏరుకు తింటాయి.

సమస్య: పాలకేంద్రంలో వెన్న శాతం పడిపోయింది.

ముందు పితికే తీరు చూడండి. వెన్న ఎక్కువగా ఉండేది చివరి పాలలో. అవి దూడకు వదిలేస్తే రీడింగ్ తగ్గక ఏమవుతుంది? దూడ వాటా మొదట్లోనే తాగించి, చివరి ధార దాకా పితకండి.

పితకడంలో తేడా లేకపోతే మేత చూడాలి. తవుడు, దాణా ఎక్కువై ఎండుగడ్డి తగ్గితే నెమరు తగ్గుతుంది, దాంతో వెన్నా తగ్గుతుంది. ఒంటి పోషణకు కిలో నుంచి కిలోన్నర, ఆపైన ప్రతి 2 లీటర్ల పాలకు కిలో చొప్పున దాణా చాలు. ఈనిన కొత్తలో వెన్న తక్కువుంటే టెన్షన్ వద్దు, పాలు తగ్గేకొద్దీ అదే పెరుగుతుంది.

సమస్య: తోక చివర, చెవుల కొసలు నల్లబడి ఎండిపోతున్నాయి, కాళ్లు కుంటుతోంది.

తుపానుకు తడిసి బూజు పట్టిన వరిగడ్డి మేపారేమో చూడండి. దీన్ని డెగ్నాలా అంటారు. ఆ గడ్డి వెంటనే ఆపి డాక్టరుకు చూపించండి. ఎండబెట్టి మళ్లీ వేద్దామనుకోవద్దు, బూజు విషం ఎండకు పోదు.

సమస్య: ఈనిన రెండు మూడు రోజుల్లో కూలబడింది. మెడ పక్కకు తిప్పి డొక్క మీద పెట్టింది, చెవులు చల్లగా ఉన్నాయి.

కాల్షియం ఒక్కసారిగా పాలలోకి పోయింది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలా గేదెలు కొద్ది గంటల్లోనే లేస్తాయి. ఈలోగా నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వరిగడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకే పాలిచ్చినన్నాళ్లూ రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి, చేలో పిల్లిపెసర ఉంటే కోసి వేయండి. ఈనడానికి ముందు వారాల్లో మాత్రం కాల్షియం టానిక్ సొంతంగా తాగించొద్దు. అప్పుడు బయటి నుంచి ఎక్కువగా అందితే, ఈనాక అవసరమైన వేళ ఎముకల్లోంచి కాల్షియం తొందరగా కదలదు.