రీసెర్చ్ గ్రాంటుకు దరఖాస్తు పంపే ముందు

ప్రభుత్వ నిధుల కోసం ప్రాజెక్టు రాసి పెట్టుకున్నవాళ్లు 'సబ్మిట్' నొక్కే ముందు ఇవి చూసుకోండి.

– నోటిఫికేషన్‌లోని ఆఖరు తేదీ మీది కాదు, యూనివర్సిటీది. రిజిస్ట్రార్ సంతకం, ఫైనాన్స్ విభాగం ఆమోదం కావాలంటే వాళ్ల గడువు రోజుల ముందే ముగుస్తుంది. ఫైలు పట్టుకుని తాళం వేసిన గది ముందు నిలబడితే ఆ ఏడాది పోయినట్టే.

– పేజీల పరిమితి, ఫాంట్ సైజు. చాదస్తంలా ఉంటుంది గానీ, ఇవి తప్పితే చదవకుండానే పక్కన పెట్టేస్తారు.

– పరికరం ధర రాసి మెయింటెనెన్స్ ఖర్చు మర్చిపోకండి. వారంటీ అయ్యాక అది మూలన పడుతుంది. ఒక పద్దు కింద వచ్చిన డబ్బు ఇంకో పద్దుకు అనుమతి లేకుండా మళ్లించడం సాధారణంగా కుదరదు.

– ఎథిక్స్ అనుమతి (పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే కమిటీ ఇచ్చే ఆమోదం) డాక్టర్లకే అనుకోకండి. ఇంటర్వ్యూలు, సర్వేలు చేసే సోషల్ సైన్సెస్ వాళ్లకూ కావాల్సి రావచ్చు.

– సారాంశాన్ని వేరే విభాగం వాళ్లతో చదివించండి. 'మౌఖిక చరిత్ర' అంటే ఫిజిక్స్ రివ్యూయర్‌కూ, 'రిగ్రెషన్' అంటే సాహిత్యం ప్రొఫెసర్‌కూ తెలిసి ఉండాలని లేదు.

– ఇదే పనికి ఇంకోచోట నిధులు అడిగి ఉంటే దాచకండి. బయటపడితే ఉన్న గ్రాంటుకే ముప్పు.