మ్యూనిక్ ఒలింపిక్ గ్రామంలో బంగ్లా దొరికిందా? తలుపు తీసి పెట్టుకోండి

మ్యూనిక్‌లో స్టూడెంట్ హౌసింగ్ వెయిటింగ్ లిస్టు సెమిస్టర్ల కొద్దీ సాగుతుంది. అందుకే అడ్మిషన్ రాగానే అప్లై చేయండి. ఒలింపిక్ గ్రామంలో చోటు దొరికితే మాత్రం వదులుకోవద్దు.

పేరుకు బంగ్లాయే గానీ లోపల ఒక్కరికి సరిపడా చోటే ఉంటుంది. రెండు చిన్న అంతస్తులు, పైన బుల్లి టెర్రస్. చూడగానే ఇరుకనిపించి దిగులు పడతారేమో, పడకండి. 1972 ఒలింపిక్స్‌లో మహిళా క్రీడాకారుల కోసం కట్టిన బంగ్లాలివి, ఆటలయ్యాక విద్యార్థులకిచ్చారు. పాతబడ్డాక దాదాపు అన్నిటినీ కూల్చేసి 2010 నాటికి 1,052 కొత్తవి కట్టినా, సందుల తీరు మాత్రం పోనివ్వలేదు. కార్లన్నీ కింద అండర్‌గ్రౌండ్‌లో తిరుగుతాయి. పైనంతా నడిచేవాళ్లదే. మన ఊళ్లలో అరుగులు చేసిన పని ఇక్కడ ఈ సందులు చేస్తాయి. గది చిన్నదైనా వీటివల్లే ఇక్కడ బతుకు ఇరుకనిపించదు. కాబట్టి తలుపు మూసుకుని వీడియో కాల్స్‌తోనే సాయంత్రాలు గడిపేయకండి.

బంగ్లా బయటి గోడ మీద ఎవరికి నచ్చిన బొమ్మ వాళ్లు వేసుకోవచ్చు. మీ ముందున్నవాళ్లు వేసింది బాగుంటే ఉండనివ్వండి. లేదంటే చుక్కల ముగ్గు పెద్దదిగా వేయండి. బ్రష్ పట్టుకుని నిలబడితే చాలు, ఇదేమిటని దారిన పోయేవాళ్లు ఆగి అడుగుతారు. జర్మన్ సరిగా రాదని టెన్షన్ పడేవాళ్లకు ఇంతకన్నా తేలిక పరిచయం ఉండదు.

అక్టోబరులో వచ్చేవాళ్లు మొదటి రెండు వారాల్లోనే పక్కవాళ్లను పలకరించండి. నెలాఖరుకు గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి, సందుల్లో మనిషి కనపడడు. జూన్‌లో తొమ్మిది దాటినా వెలుగుంటుంది. అప్పుడు అందరూ బయటే. అయినా రాత్రి పది దాటితే గొంతు తగ్గించాలి. ఆదివారమంతా కూడా అంతే. గోడలు పక్కపక్కనే, మీ మాట నాలుగు గదులకు వినిపిస్తుంది.

ఇంకొక్క మాట. ఆ 1972లోనే దగ్గర్లోని కొనొలీ వీధి 31వ నంబరు ఇంట్లో ఇజ్రాయెల్ జట్టును ఉగ్రవాదులు బందీలుగా పట్టుకున్నారు. క్రీడాకారులు, కోచ్‌లు కలిపి పదకొండుమంది చనిపోయారు, ఒక జర్మన్ పోలీసు కూడా. ఒలింపిక్ పార్కులో స్మారకం ఉంది. మీరుంటున్న చోటి కథ ఇది, ఓసారి వెళ్లి రండి.

దిగిన రెండు వారాల్లోపు అడ్రస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, దానికి హౌసింగ్ వాళ్లిచ్చే ధ్రువీకరణ కాగితం కావాలి. తాళాలు చేతికొచ్చిన రోజే పోస్టు డబ్బా మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు అంటించండి. పేరు లేకపోతే బ్యాంకు ఉత్తరాలు వెనక్కి వెళ్లిపోతాయి.