మొదటి జింక తుపాకీ: మీ భుజం భయపడనిది కొనండి

అమెరికా వచ్చిన ఒకటి రెండేళ్లకు మనవాళ్లలో కొందరికి వేట మీద ఆసక్తి కలుగుతుంది. పక్క సీటులో పనిచేసే మనిషి ఏటా నవంబరులో వారం సెలవు పెట్టి అడవికి వెళ్లడం, శీతకాలమంతా తన ఇంట్లో తను తెచ్చిన జింక మాంసమే వండుకోవడం చూస్తారు. తమకూ వెళ్లాలనిపిస్తుంది. అలా ఆసక్తి కలిగి నా దగ్గరకు వచ్చేవారందరి మొదటి ప్రశ్న ఒకటే: ఏ తుపాకీ కొనాలి?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు మన పరిస్థితి ఒకసారి గుర్తు చేసుకోవాలి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. మనలో చాలామంది తుపాకీని ముట్టుకోకుండానే పెద్దవాళ్లమయ్యాం. ఇక్కడి పల్లెల్లో పిల్లలు తాత వెంట, తండ్రి వెంట తిరిగి పన్నెండేళ్లకే నేర్చుకునే సంగతులు మనం ముప్పై అయిదేళ్లకు మొదలుపెడుతున్నాం. అందులో తప్పేమీ లేదు. కానీ పాతికేళ్లు వేటాడినవాడికి నప్పే తుపాకీ మనకూ నప్పుతుందనుకోవడం మాత్రం తప్పు.

ముందు లైసెన్సు, తరువాతే తుపాకీ

ఈ భాగం దాటవేయకండి. హెచ్-1బీ, ఎఫ్-1, ఎల్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. సొంతానికి కొనడమే కాదు, స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకుని షూటింగ్ రేంజిలో నాలుగు గుండ్లు పేల్చినా అదే చట్టం కిందకు వస్తుంది. మనకు ఉపయోగపడే ప్రధానమైన మినహాయింపు, ఏదైనా అమెరికా రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం. కాబట్టి వరుస ఇది: హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, లైసెన్సు, ఆ తరువాతే తుపాకీ. లైసెన్సు గడువు తీరిందంటే ఆ మినహాయింపు కూడా పోయినట్టే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. దుకాణంలో నింపే 4473 నంబరు ఫారంలో తప్పు సమాధానం రాయడం పెద్ద నేరం. తుపాకీకి సంబంధించిన నేరం రుజువైతే దేశం నుంచి పంపివేసే అవకాశం కూడా ఉంది. రాష్ట్రాల చట్టాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు. వీసా మీద ఉన్నవారు ఇమిగ్రేషన్ న్యాయవాదితో ఒక గంట మాట్లాడి, ఆ తరువాతే ముందుకు వెళ్లండి. ఆ ఫీజు దండగ కాదు.

నేను చేసిన తప్పు

నా మొదటి తుపాకీ .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే పెద్ద తూటా పేల్చేది. ఒక్కటి కొంటే జింక నుంచి ఎల్క్ అనే పెద్ద జాతి జింక దాకా దేనికైనా సరిపోతుందని కౌంటర్ వెనుక ఉన్నాయన చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. సరిపోనివాడిని నేను. రేంజిలో మొదటి రోజు పది తూటాలు పేల్చేసరికి భుజం కమిలి నీలమైంది. రెండో రోజు ట్రిగ్గర్ నొక్కకముందే నా కళ్లు మూసుకుపోతున్నాయి. ఆ సంగతి నాకు అప్పుడు తెలియలేదు.

సీజన్ మొదటి శనివారం సాయంత్రం, డెబ్బై గజాల దూరంలో ఒక ఆడ జింక పక్కకు తిరిగి నిలబడింది. అంతకంటే తేలికైన గురి ఉండదు. ట్రిగ్గర్ లాగుతూ బిగుసుకుపోయాను. గుండు ఊపిరితిత్తులకు బదులు వెనుక పొట్టలో దిగింది. అర్ధరాత్రి దాకా లైటు పట్టుకుని రక్తపు చుక్కలు వెతికాను. మళ్లీ తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నం దాకా వెతికాను. జింక దొరకలేదు. పొట్టలో గుండు దిగిన జంతువు చావడానికి గంటలు పడుతుంది. ఆ రాత్రి అది ఎక్కడ పడుకుని ఉందో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ శీతకాలంలో ఆ తుపాకీ అమ్మేసి, అంతకంటే చిన్న తూటా పేల్చే 7ఎమ్ఎమ్-08 కొన్నాను. మరుసటి ఏడాది అదే చోట ఒకే ఒక్క గుండుకు జింక ముప్పై అడుగులు కూడా దాటకుండా పడిపోయింది. తుపాకీ వెనక్కు తన్నే శక్తి సగానికి తగ్గింది, ఫలితం మాత్రం అన్ని విధాలా మెరుగైంది. తెల్లతోక జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. అక్కడ తగిలిన సాధారణ గుండు పని పూర్తిచేస్తుంది. అక్కడ తగలకపోతే ఎంత పెద్ద గుండైనా జింకను హింసించడమే అవుతుంది.

తన్ను లెక్క

తుపాకీ వెనక్కు తన్నే శక్తిని ఇక్కడ ఫుట్-పౌండ్లలో చెబుతారు. బుల్లెట్ (తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క) బరువు, దాని వేగం, తూటా లోపల కాలే మందు బరువు పెరిగితే తన్ను పెరుగుతుంది. తుపాకీ బరువు పెరిగితే తగ్గుతుంది. ఏడున్నర, ఎనిమిది పౌండ్ల తుపాకీలో .243 విన్‌చెస్టర్ తన్ను సుమారు 9 ఫుట్-పౌండ్లు. 6.5 క్రీడ్‌మోర్, 7ఎమ్ఎమ్-08 రెండూ 12 చుట్టుపక్కల ఉంటాయి. .308 విన్‌చెస్టర్ 15, 16 దాకా, .270 విన్‌చెస్టర్ అంతకంటే కాస్త ఎక్కువ. .30-06 తూటాను బట్టి 18 నుంచి 20 దాకా పోతుంది. నేను అమ్మేసిన మాగ్నమ్ 26 దరిదాపుల్లో ఉంటుంది. పదిహేను దాటాక చాలామందికి గురి చెడటం మొదలవుతుందని వేటగాళ్లలో పాత లెక్క ఒకటి ఉంది. నా అనుభవంలో అది సరైనదే.

ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. దుకాణంలో ఆరు పౌండ్ల తేలికైన తుపాకీ చేతికి ఇస్తే ఎంతో హాయిగా అనిపిస్తుంది. అదే తూటా ఎనిమిది పౌండ్ల తుపాకీలో కంటే ఆ తేలికైన దానిలో మూడో వంతు ఎక్కువ తంతుంది. కొండలెక్కేవాళ్లకు తేలిక తుపాకీ అవసరం. చెట్టు మచాన మీద కూర్చునేవాళ్లకు అవసరం లేదు.

ఏ కాలిబర్

పేర్ల గజిబిజి చూసి బెదరకండి. .308 అంటే బుల్లెట్ వ్యాసం, అంగుళంలో 308 వెయ్యో వంతులు. .30-06లోని 06 అంటే 1906, ఆ తూటా సైన్యంలోకి వచ్చిన ఏడాది. కౌంటర్ దగ్గర దాన్ని "థర్టీ ఆట్ సిక్స్" అనాలి. పేరు ఎలా పలికినా, బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలూ తూటాల పెట్టె మీది అక్షరాలూ పొల్లు పోకుండా ఒకటే కావాలి. దగ్గరగా ఉన్న పేరు చూసి పొరపాటున వేరే తూటా పేలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

.308 తూటా 1952లో మార్కెట్‌లోకి వచ్చింది. దాని ఇత్తడి తొడుగు మూతిని సన్నగా నొక్కి 1955లో .243, 1980లో 7ఎమ్ఎమ్-08 చేశారు. మూడూ ఒకే కుటుంబం. .243 తన్ను చాలా తక్కువ. చిన్న శరీరం ఉన్నవారికి, తుపాకీ శబ్దానికే ఉలిక్కిపడేవారికి అది మంచి ఎంపిక. కానీ దాని బుల్లెట్ చిన్నది, జింకలకు 95 నుంచి 100 గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలత) వాడతారు. జింక ఏటవాలుగా నిలబడి ఉన్నప్పుడు కొట్టడానికి అది సరిపోకపోవచ్చు. పక్కకు తిరిగేదాకా ఆగే ఓపిక ఉంటేనే .243 తీసుకోండి. పిల్లల తుపాకీ అన్న పేరున్నా, నిజానికి అది ఓపికగల పెద్దవాళ్ల తుపాకీ.

6.5 క్రీడ్‌మోర్‌ను 2007లో హార్నడీ సంస్థ గురి పోటీల కోసం తెచ్చింది. సన్నగా పొడుగ్గా ఉండే దాని బుల్లెట్ గాలిని చీల్చుకుని పోతుంది, దూరం వెళ్లినా వేగం త్వరగా కోల్పోదు. వంద గజాల లోపు అడవి వేటలో ఆ గొప్పతనం పెద్దగా తేలదు. అయినా కొత్తవారికి నేను ముందు చెప్పేది దీని పేరే. కారణం మామూలుది: ఎంత చిన్న ఊరి దుకాణంలోనైనా దాని తూటాలు దొరుకుతాయి, చవక తుపాకీ నుంచి ఖరీదైనదాని దాకా దానిలో వస్తాయి, తన్ను మర్యాదగా ఉంటుంది. నా మనసు మాత్రం 7ఎమ్ఎమ్-08 మీదే. దాదాపు అదే తన్నుతో 140 గ్రెయిన్ల బుల్లెట్ కాస్త ఎక్కువ వేగంతో పోతుంది. చిక్కల్లా ఒక్కటే, సీజన్ ముందు రోజు ఊరి దుకాణంలో తూటాలు దొరక్కపోవచ్చు. వేసవిలోనే నాలుగు పెట్టెలు కొని పెట్టుకునేవారికి అది అడ్డు కాదు.

ఎవరైనా మీకు .308 గానీ .30-06 గానీ ఇచ్చి ఉంటే దాన్ని అమ్మాల్సిన పని లేదు. హార్నడీ కస్టమ్ లైట్ వంటి తక్కువ తన్ను తూటాలు వస్తాయి. దగ్గరి దూరాల్లో జింకకు అవి చక్కగా పనిచేస్తాయి.

అయితే రాష్ట్రాన్ని బట్టి ఈ లెక్కంతా మారిపోవచ్చు. ఒహాయోలో జింకల వేటకు 6.5 క్రీడ్‌మోర్ వంటి, సీసా మెడలా మూతి దగ్గర సన్నబడే తూటాలు పనికిరావు, మూతి దాకా నిటారు గోడలున్న తూటాలే వాడాలి. అక్కడివారికి విన్‌చెస్టర్ సంస్థ 2019లో తెచ్చిన 350 లెజెండ్ మంచి దారి, తన్ను తక్కువ, నూట యాభై గజాల దాకా నమ్మకం. అదే వరుసలో కనిపించే .450 బుష్‌మాస్టర్ గట్టిగా తంతుంది, కొత్తవారికి వద్దు. వర్జీనియాలో జింకకు .23 కంటే చిన్న కాలిబర్ కుదరదు, కొలరాడోలో .24 కంటే చిన్నది కుదరదు. అందువల్ల అందరి దగ్గరా ఉండే .223 ఆ రెండు చోట్లా జింకకు పనికిరాదు. మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా విడుదల చేసే నిబంధనల పుస్తకం చదివాకే డబ్బు తీయండి.

బుల్లెట్ గురించి ఒక్క మాట. సాధారణ సాఫ్ట్ పాయింట్ (కొసన మెత్తని సీసం బయటకు కనిపించే బుల్లెట్) చాలు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం లేని తూటాలే వాడాలి, అంటే రాగి బుల్లెట్లు. చిన్నపిల్లలకు ఆ మాంసం పెట్టే ఇంట్లో, చట్టం అడగకపోయినా నేను రాగివే వాడమంటాను. సీసపు బుల్లెట్ కండలో సన్నని ముక్కలుగా చెదురుతుంది, అవి కంటికి కనబడవు.

ఒంటికి సరిపోవాలి

కాలిబర్ గురించి గంటలు చర్చించేవారు స్టాక్ (భుజానికి ఆనే వెనుక భాగం) పొడవు చూడరు. చాలా తుపాకుల్లో ట్రిగ్గర్ నుంచి వెనుక కొస దాకా సుమారు పదమూడున్నర అంగుళాలు ఉంటుంది. పొట్టి చేతులవారికి అది పొడుగు. అప్పుడు తుపాకీ భుజం గుంటలో కాక చేతి కండ మీద కూర్చుంటుంది, చిన్న తన్ను కూడా గుద్దులా తగులుతుంది. పొట్టి స్టాక్ ఉన్న కాంపాక్ట్ నమూనాలు అడగండి. చలికోటు వేసుకుని భుజానికి ఆనించి చూడండి, ఎందుకంటే అడవిలో కోటుతోనే ఉంటారు. స్కోపుకూ (గురి చూసే దుర్బిణి) కంటికీ మధ్య మూడున్నర అంగుళాల ఎడం ఉండాలి. లేదంటే అది వెనక్కు వచ్చి కనుబొమ మీద కోస్తుంది. ఒకసారి కోసిందంటే ఆ భయం సీజన్ అంతా పోదు. బ్యారెల్ మూతికి మజిల్ బ్రేక్ (పేలుడు వాయువులను పక్కలకు మళ్లించే బిగింపు) పెడితే తన్ను తగ్గుతుంది. కానీ శబ్దం పక్కలకు విపరీతంగా పెరుగుతుంది. మామూలు రైఫిల్ పేలుడే 140 డెసిబెల్స్ దాటి చెవిని శాశ్వతంగా పాడుచేస్తుంది. ఇయర్ ప్లగ్గులు, వాటి మీద చెవులను కప్పే మఫ్‌లు రెండూ పెట్టుకోకుండా రేంజిలో అడుగు పెట్టకండి.

సాధన ఎక్కువగా .22 రైఫిల్‌తో చేయండి. అది తన్నదు, తూటాలు చవక, చేతికి మంచి అలవాటు పడుతుంది. పెద్ద తుపాకీతో ఒక్కరోజులో పదిహేను తూటాలు మించవద్దు. అలసిన భుజం చెడ్డ అలవాటే నేర్చుకుంటుంది. ఇంకొక పరీక్ష ఉంది. స్నేహితుడిని మీకు కనపడకుండా తూటాల మధ్య ఒక ఉత్తి డమ్మీ తూటా పెట్టమనండి. ట్రిగ్గర్ లాగినప్పుడు అది క్లిక్‌మని ఊరుకుంటుంది. ఆ క్షణంలో బ్యారెల్ కిందికి దూకితే, అంతకుముందు ప్రతి తూటాకూ మీ చేయి అలాగే దూకిందన్నమాట. నన్ను నాకు చూపించింది ఈ పరీక్షే. రెండేళ్లు ముందే చేసి ఉంటే ఆ ఆడ జింక గాయంతో పోయేది కాదు.

వంద గజాల దగ్గర గుండు గురికి అంగుళంన్నర పైన తగిలేలా స్కోపు సరిచేయించుకుంటే, పైన చెప్పిన సీసా మెడ కాలిబర్లలో రెండు వందల గజాల దాకా జింక మీద నేరుగా గురి పెట్టవచ్చు. కానీ మీ హద్దును తుపాకీ కాదు, మీ చేయి నిర్ణయించాలి. ఎనిమిది అంగుళాల కాగితపు పళ్లెం ఒకటి నిలబెట్టి, బల్ల మీద ఆనించకుండా కూర్చుని లేదా మోకాలి మీద నుంచి అయిదు గుండ్లు కొట్టండి. అయిదూ పళ్లెంలో పడే దూరమే ఈ ఏడాదికి మీ దూరం. అది ఎనభై గజాలైతే ఎనభై ఒకటో గజంలో నిలబడ్డ జింకను పోనివ్వండి.