‘నేనే ఇంతా, ఇది జబ్బా?’: టీనేజ్ కథ రాసేవాళ్ల కోసం

డిప్రెషన్ మీద కథ రాద్దామని కూర్చోకండి. అలా మొదలుపెడితే డాక్టరు చీటీలాంటి కథే వస్తుంది. ముందు పిల్లని పట్టుకోండి. ఉదాహరణకి సింధు అనుకుందాం, విశాఖపట్నం గాజువాకలో ఇల్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, నాన్నది స్టీల్‌ప్లాంట్ ఉద్యోగం, ఆయనకి నైట్ షిఫ్ట్ పడిన వారం పగలంతా ఇంట్లో అందరూ గుసగుసగానే మాట్లాడుకోవాలి, మిక్సీ కూడా వెయ్యకూడదు. ఇలాంటి ఇంట్లో ఒక పిల్ల నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికైనా అనుమానం వస్తుందా? రాదు. కథ ఇక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు ఒక కాగితం తీసి మధ్యలో గీత గీయండి. ఒక పక్క సింధు పుట్టుకతో ఎలాంటిదో రాయండి: గట్టిగా నవ్వుతుంది, తమ్ముడితో ఊరికే తగువు పెట్టుకుంటుంది, నోట్సు చివరి పేజీల్లో ఓడల బొమ్మలు వేస్తుంది. రెండో పక్క జబ్బు వల్ల వచ్చినవి. రాస్తుంటే కొన్ని ఏ పక్క వెయ్యాలో మీకే తెలియదు. ఫోన్ వస్తే ఎత్తకపోవడం ఆమె స్వభావమా, జబ్బా? వాటిని గీత మీదే రాసి ఉంచండి, తేల్చకండి. ఎందుకంటే పదహారేళ్ల పిల్లని లోపల తినేసేది ఆ ప్రశ్నే: నేనే ఇంతా, లేక ఇది నాకు వచ్చిందా? నా మట్టుకు నాకు కథంతా ఈ ప్రశ్న మీదే నడవాలనిపిస్తుంది.

ఏడుపు తగ్గించండి. ఈ వయసులో డిప్రెషన్ చాలాసార్లు దిగులులా కాదు, చిరాకులా, కోపంలా బయటికొస్తుంది. ఒకరోజు మూడ్ బాగోలేకపోతే అది జబ్బు కాదు, రెండు వారాలకి తగ్గకుండా దాదాపు రోజూ ఉండాలి. కాబట్టి ఒకటే పెద్ద సీను కాకుండా చిన్నవి వరసగా రాయండి: తల దువ్వుకోలేదు, బాక్సు అలాగే తిరిగొచ్చింది, ఓడల బొమ్మలు ఆగిపోయాయి.

గుర్తింపు సంగతికొస్తే, అంటే ‘నేనెవర్ని’ అన్న ప్రశ్నకొస్తే, మన ఉత్తరాంధ్ర పిల్లలకి అది చాలాసార్లు నోటి దగ్గరే, మాట్లాడే యాస దగ్గరే మొదలవుతుంది. క్లాసులో సింధు ‘ఏమిటి’ అనకుండా మన యాసలో ‘ఏటి’ అందని నవ్వారు. ఆ రోజు నుంచి ప్రతి మాటా లోపల ఒకసారి దిద్దుకుని బయటికి అంటుంది, శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రమే ఆమె మాట ఆమెకి తిరిగొస్తుంది. కానీ ఆ వెక్కిరింపు వల్లే జబ్బొచ్చిందని రాయకండి. వంశం, నిద్ర, చదువు ఒత్తిడి, ఇల్లు, ఇలా చాలా కలిస్తే వస్తుంది. ఒక్కరి మీద నేరం మోపితే కథ చిన్నదైపోతుంది.

అమ్మని విలన్ చెయ్యొద్దు, దయచేసి. సింహాచలం తీసుకెళ్తుంది, తాయెత్తు కడుతుంది, అదంతా భయంతోనూ ప్రేమతోనూ చేసేదే. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరెత్తితే ఇంట్లో అందరూ ఎందుకు మౌనమైపోతారో కూడా రాయండి. 18 నిండనివాళ్ల వైద్యానికి ఇంట్లో పెద్దల అంగీకారం కావాలి, అంటే సింధు ఎప్పుడో ఒకప్పుడు అమ్మకో నాన్నకో చెప్పి తీరాలి. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పడుకోబోతున్న మనిషికి ‘నాన్నా, నాకు బాగోలేదు’ అని చెప్పే ఆ రెండు నిమిషాలకి మూడు పేజీలు ఇచ్చినా ఎక్కువేం కాదు.

మాత్రలు మర్నాటికి పనిచెయ్యవు. డిప్రెషన్ మందులకి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో వికారం కూడా ఉండొచ్చు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే దాచకుండా రాయండి, కానీ ఎలా, ఎక్కడ అన్నది ఒక్క ముక్క కూడా వద్దు. చదివే పిల్లల్లో ఆ రోజే ఆ ఆలోచనతో ఉన్నవాళ్లుండొచ్చు. సముద్రాన్ని అందమైన చావుగా అస్సలు చూపించకండి. పుస్తకం చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 అని వెయ్యండి, ఉచితం, రోజంతా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ముగింపులో ర్యాంకు తెప్పించొద్దు. ఒక ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని తమ్ముడితో తగువు పెట్టుకోనివ్వండి. ‘ఏటిరా నీకు?’ అని గట్టిగా, చుట్టూ వినబడేలా అననివ్వండి.