గ్యాస్ లేని ఇంట్లో వేడికి ఏది కొంటే గిట్టుబాటు? హైదరాబాద్ వాళ్ల కోసం

మన దగ్గర చలి అంటే డిసెంబరు, జనవరి కలిపి కొన్ని వారాలే. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి దిగే రోజులుంటాయి కానీ పొద్దెక్కేసరికి ఎండ వచ్చేస్తుంది. అందుకే అంతా కరెంటు మీదే నడిచే ఇంట్లో ముందు లెక్కేసుకోవాల్సింది గది గురించి కాదు, స్నానం నీళ్ల గురించి. రూమ్ హీటర్ల గురించి తెగ వెతికి, గీజర్ మాత్రం షాపువాడు చూపించింది కొనుక్కొచ్చేవాళ్లే ఎక్కువ.

ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. హీటర్ రాడ్, ఇన్‌స్టంట్ గీజర్, స్టోరేజ్ గీజర్, ఏదైనా సరే, కాయిల్‌తో వేడి చేసేదైతే ఒక యూనిట్ కరెంటుకి ఇచ్చే వేడి ఒక్కటే. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 1.16 వాట్ అవర్లు కావాలి (వెయ్యి వాట్ అవర్లయితే ఒక యూనిట్). ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలున్నాయి, 20 లీటర్ల బకెట్ 40 డిగ్రీలకి రావాలి అనుకుంటే 0.42 యూనిట్ అవుతుంది. నలుగురికి రోజుకి 1.7, నెలకి 50 యూనిట్ల దాకా. అదే షవర్ కింద పది నిమిషాలు నిలబడితే 80 లీటర్లు పోతాయి, అంటే ఒక్క మనిషికే నాలుగు బకెట్లు. కాబట్టి బిల్లు తగ్గించే మొదటి మార్గం ఏ కంపెనీ గీజర్‌లోనూ లేదు, బకెట్‌లో ఉంది. వీలున్నవాళ్లు సాయంత్రం స్నానం చేసినా కలిసొస్తుంది, డాబా మీది ట్యాంకు పగలంతా ఎండకి కాగి ఉంటుంది కదా.

ఇప్పుడు శ్లాబుల సంగతి. ప్రస్తుత టారిఫ్‌లో నెలకి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80 రూపాయల చొప్పున ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. ఒక్క యూనిట్ దాటి 201 అయితే మొత్తం 200 యూనిట్లకీ 5.10 చొప్పున పడుతుంది, ఆ పైది 7.70. అంటే 1,027 రూపాయలు దాటుతుంది. ఒక్క యూనిట్‌కి రెండొందల పైన తేడా! 300 దాటాక యూనిట్ 9 రూపాయలు. వంట కూడా ఇండక్షన్ మీదే అయితే మీరు 200 దాటే అవకాశమే ఎక్కువ, కాబట్టి గీజర్ లెక్క వేసేటప్పుడు యూనిట్ 7.70 లేదా 9 అనే అనుకోండి.

గీజర్లలో ఏది? ఒకరిద్దరే ఉండి బకెట్ స్నానం చేసేవాళ్లయితే 3 లీటర్ల, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ చాలు, వాడినప్పుడే కరెంటు తీసుకుంటుంది. కాకపోతే ధార సన్నగా వదలాలి, బకెట్ నిండడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. నలుగురు వరసగా చేస్తే 25 లీటర్ల స్టోరేజ్ నయం. దాంట్లో దండగయ్యేది రోజంతా ఆన్‌లో ఉంచినప్పుడు. వేడి నీళ్లు ఊరికే చల్లారుతుంటాయి, అది మళ్లీ కాగబెడుతుంటుంది. స్టార్ లేబుల్ మీద రాసుండే స్టాండింగ్ లాస్ అంటే అదే, తక్కువ ఉన్నది తీసుకోండి. స్నానానికి అరగంట ముందు వేసి, అయ్యాక కట్టేయండి.

బోరు నీళ్లున్న అపార్ట్‌మెంట్లలో ఇంకో తలనొప్పి, సున్నం. గీజర్ వేడెక్కుతున్నప్పుడు లోపల్నుంచి గురగుర, చిటపట శబ్దం వస్తుంటే కాయిల్ చుట్టూ తెల్లటి పొర కట్టిందని అర్థం. విప్పితే కింద గుడ్డు పెంకుల్లాంటి ముక్కలు గుప్పెళ్లకొద్దీ వస్తాయి. వేడి ఎలాగూ నీళ్లలోకే పోతుంది కాబట్టి బిల్లు మరీ పెరగదు, కానీ కాయిల్ ఎక్కువ కాగి కాలిపోతుంది. థర్మోస్టాట్ 55, 60 మధ్య పెట్టి, ఏడాదికోసారి శుభ్రం చేయించండి. అప్పుడే ట్యాంకుకి బదులు తాను అరిగిపోయే మెగ్నీషియం ఆనోడ్ రాడ్ కూడా చూడమనండి. అది అరిగిపోతే తర్వాత తుప్పు పట్టేది ట్యాంకే.

సొంత ఇల్లు, సొంత డాబా ఉంటే సోలార్ వాటర్ హీటర్‌ని మించింది లేదు. వానాకాలం మబ్బులకి మాత్రం బ్యాకప్ కాయిల్ ఉండాలి. బోరు నీళ్లయితే గాజు ట్యూబుల రకం మేలు, సన్నటి రాగి గొట్టాలు సున్నంతో తొందరగా పూడుకుపోతాయి. ఐదంతస్తుల ఫ్లాట్లలో కింద ఉన్నవాళ్లకి ఇది కష్టం, వేడి నీళ్లు దిగేలోపు గొట్టంలోని చన్నీళ్లన్నీ వదలాలి. హీట్ పంప్ గీజర్ బయటి గాలిలోని వేడిని లాగుతుంది, ఒక యూనిట్‌కి సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మన వాతావరణానికి బాగా సరిపోతుంది కూడా. కానీ నెలకి 50 యూనిట్లు వాడే ఇంట్లో మిగిలేది 33 యూనిట్లు, అంటే 250 రూపాయలు. దాని ధరకి అది ఎప్పటికి తీరుతుంది? ఉమ్మడి కుటుంబానికో, హాస్టల్‌కో అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు.

గది విషయానికొస్తే హాలోజెన్, బ్లోయర్, ఆయిల్ హీటర్ అన్నీ ఒకటే, 2000 వాట్లు అంటే 2000 వాట్లే. రోజుకి మూడు గంటలు ఆగకుండా నడిస్తే నెలకి 180 యూనిట్లు! అదే హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ ఏసీ అయితే అందులో మూడో వంతు కరెంటుతో అంతే వేడి ఇస్తుంది. ఎండాకాలం కోసం ఎలాగూ ఏసీ కొంటున్నారంటే ఆ మోడల్ అడగండి, చలి కోసమే అయితే వద్దు. తలుపు కింద సందు మూసి, చిన్న గదిలో 1000 వాట్లు పెట్టుకుంటే చాలు. అమ్మానాన్నల గదికి మాత్రం నాలుగు రూపాయలు ఎక్కువైనా ఆయిల్ హీటరే పెట్టండి, ఎర్రగా మండే కాయిల్ బయటికి ఉండదు, దుప్పటి జారి దాని మీద పడి అంటుకుంటుందన్న టెన్షన్ తక్కువ.

ఏది కొన్నా ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి తగిలించొద్దు. 3 కిలోవాట్లంటే 13 ఆంప్స్, దానికి విడిగా 16 ఆంప్ సాకెట్, 4 ఎంఎం వైరు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. గీజర్ బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌తో ఆ ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ మీ ముందే నొక్కించి, ట్రిప్ అయ్యాకే డబ్బులివ్వండి.