ఆస్పరాగస్ నాటే ముందు ఇవి చూసుకోండి

ఆస్పరాగస్ అంటే నేలలోంచి వచ్చే లేత కాడలు, అంటే మోసులు, కోసి కూరగా తినే మొక్క. అన్నిటికన్నా ముందు నీళ్ల సంగతి. డెల్టా నల్లమట్టి వానల్లో ఒక పట్టాన ఆరదు, ఆస్పరాగస్ వేళ్లేమో నీరు నిలిస్తే కుళ్లిపోతాయి. జానెడు గుంట తీసి బకెట్ నీళ్లు పోయండి. గంట తర్వాత కూడా నీళ్లు నిలిచే ఉంటే నేలలో నాటొద్దు, అడుగున్నర ఎత్తున మడి కట్టాల్సిందే. మట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ మాత్రం వద్దు, వేళ్లు మాడతాయి.

తుంగను గడ్డలతో సహా ఏరేశారా? ఇక్కడ బద్ధకిస్తే తర్వాత దారి లేదు. ఈ మొక్క పదేళ్లకు పైగా ఉంటుంది, తుంగ కోసం తవ్వితే దాని వేళ్లే తెగుతాయి.

కొబ్బరి నీడ పనికిరాదు, రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు.

నర్సరీల్లో అందానికి అమ్మే ఆస్పరాగస్ ఫెర్న్ ఇది కాదు, శతావరీ కాదు. ప్యాకెట్ మీద ‘ఆస్పరాగస్ అఫిసినాలిస్’ అని చూసి కొనండి. వానలు వెనకబట్టాక, కార్తీకంలో, విత్తనం ఒక రోజు నానబెట్టి వేయండి. మొలకకు రెండు మూడు వారాలు పడుతుంది, ఈలోగా కెలకొద్దు.

మొదటి ఏడాది ఒక్క మోసు కూడా కోయకండి. రెండో ఏడాది రుచికి నాలుగు, అసలు కోత మూడో ఏడాదే. మన చలికి మొక్క నిద్రపోదు, పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ప్రతి మొక్కకూ మూడు నాలుగు కాడలు ఆకులకు వదిలేసి, కొత్తవి జానెడు కాగానే కోయాలి. ఆడమొక్కల ఎర్రటి కాయలు విషం, పిల్లల చేతికి అందనివ్వొద్దు.