చెరువు అంచును చదవడం – నాలుగో పాఠం: పలకల వాలు, నీటి గీతలు, నెర్రెలు

గత మూడు పాఠాలలో కంభం చెరువు కట్టను, తూములను, అలుగును, చెరువులోకి దిగే వాగులను పటం మీద గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఈ పాఠంతో పటాన్ని మడిచి సంచిలో పెట్టి నేల మీదికి దిగుతాం. సంక్రాంతి వెళ్ళాక నీరు వెనక్కి జరగడం మొదలైనప్పటి నుంచి మృగశిరలో తొలకరి పడేదాకా ఉన్న కాలమే ఈ పనికి అనువైనది. నిండిన చెరువు కంటికి ఎంత ఇంపుగా ఉన్నా, అంచును చదవడం నేర్చుకునేవారికి దాని వల్ల ఒరిగేది తక్కువ. ఒక పొడవాటి కర్ర, చిన్న నోటుపుస్తకం, కొలతకు మీ అంగ, మీ జాన చాలు.

ముందుగా రాయి సంగతి చూద్దాం. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ నది రెండు కొండల మధ్య ఇరుకు సందు గుండా బయటపడే చోట, ఆ సందుకు అడ్డంగా కట్ట వేయడం వల్ల కంభం చెరువు ఏర్పడింది. విజయనగర కాలంలో ఆ రాచకుటుంబానికి చెందిన వరదరాజమ్మ దీన్ని కట్టించిందని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. 20వ శతాబ్దపు తొలినాళ్ళ లెక్కల్లో కట్ట ఎత్తు 57 అడుగులు, పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్ళు అని ఉంది. చెరువు పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు సుమారు మూడున్నర కిలోమీటర్లు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం దీన్ని వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేర్చింది. అంత ఇరుకు సందులో వేసిన కట్ట వెనుక ఇంత విశాలంగా నీరు పరుచుకోవడానికి కారణం రాయిలో ఉంది. నల్లమలలో గట్టులుగా నిలబడినవి చాలావరకు పలుగురాయి జాతికి చెందిన గట్టి క్వార్ట్జైట్ శిలలు, వాటి మధ్య లోయలుగా అరిగిపోయినవి మెత్తటి పలకరాయి పొరలు. కడప శిలాసముదాయంలోని ఈ పలకరాయి పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరే పెట్టారు. మనలో చాలామంది చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక కూడా ఈ నేలలోదే.

గట్టున దొరికిన పలకరాయి ముక్క ఒకటి తీసుకొని, తడిపి, పక్క నుంచి చూడండి. రాయి పలకలుగా విడిపోయే తలం ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. కొన్ని ముక్కల్లో ఆ తలాన్ని ఏటవాలుగా కోస్తూ లేత, ముదురు బూడిదరంగు చారలు కూడా కనిపిస్తాయి. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వమే నీటి అడుగున పేరుకున్న బురద పొరలు ఆ చారలు. రాయి విడిపోయే తలం మాత్రం ఆ తరువాత, కొండలు ముడతలు పడినప్పుడు కలిగిన ఒత్తిడి వల్ల వచ్చింది. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం కొత్తగా మొదలుపెట్టిన వారందరూ చేసే పొరపాటే. చారలు కనిపించే ముక్కను ఒకటి దాచుకోండి, ఆరో పాఠంలో దానితో పని ఉంది. ప్రస్తుతానికి మనకు కావలసింది ఒక్కటే: ఈ రాయి గుండ్రని గులకరాళ్ళుగా అరగకుండా బల్లపరుపు బిళ్ళలుగా అరుగుతుంది, అందువల్ల నీరు దాన్ని ఏ వైపుకు వాల్చిందో సులభంగా తెలుస్తుంది.

ఈ పాఠంలో అసలు విషయం ఆ వాలే. అల గట్టు మీదికి ఎక్కేటప్పుడు బిళ్ళలను పైకి నెట్టి, పెంకుటింటి కప్పు మీది పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగేలా పేరుస్తుంది. ఎదురుగా వచ్చే నీటి వైపుకు కింది అంచు పెట్టుకొని వాలిన బిళ్ళను నీరు మరింత అదిమిపెడుతుంది. అందుకు విరుద్ధంగా వాలిన దాని కిందికి నీరు దూరి తిరగేస్తుంది. కాబట్టి అలలు పేర్చిన వరుసలో కింది అంచు చెరువు వైపుకు, పై అంచు గట్టు వైపుకు ఉంటాయి. వాగు పేర్చిన రాళ్ళకూ సూత్రం ఇదే అయినా దిశ మాత్రం వేరు: వరద ఎగువ నుంచి వస్తుంది గనుక కింది అంచు ఎగువకు, పై అంచు దిగువకు, అంటే చెరువు వైపుకు ఉంటుంది. వాగు చెరువులో కలిసే మూల దగ్గర ఈ రెండు రకాల వరుసలూ పక్కపక్కనే దొరుకుతాయి. అక్కడ గట్టు వైపుకు ఒరిగిన బిళ్ళలు అలల పని, చెరువు వైపుకు ఒరిగినవి వరద పని. ఒక్క రాయిని చూసి తేల్చవద్దు. గొర్రె కాలు తగిలినా, గేదె పడుకొని లేచినా వాలు మారిపోతుంది. కనీసం ఇరవై బిళ్ళలు చూసి, వాటిలో ఎక్కువ ఏ వైపుకు ఒరిగాయో రాసుకోండి. ఒకే చోట రెండు రకాలూ కలిసి ఉంటే, ఏ వరుస మీద ఏ వరుస కూర్చుందో చూడండి. పైది తరువాత వచ్చింది.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చెరువు నిండేది సాధారణంగా భాద్రపదం మొదలు కార్తికం దాకా పడే వానలకు. ఆ కాలపు చివరి భాగంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కనుక, కొండ అడ్డం లేని నైరుతి అంచున పై గీత దగ్గర, అంటే నీరు అన్నిటికన్నా ఎత్తుకు చేరిన గుర్తు దగ్గర, రాళ్ళ వరుస బలంగా ఉండే అవకాశం ఎక్కువ. జ్యేష్ఠ, ఆషాఢాల్లో పడమటి గాలి ఉధృతంగా వీచేనాటికి నీరు బాగా తగ్గి ఉంటుంది. ఆ గాలి పని చూడాలంటే తూర్పు అంచున బాగా దిగువకు వెళ్ళాలి. గాలి మాటున ఉన్న మూలల్లో రాళ్ళ వరుసలుండవు, మెత్తటి ఒండ్రు మాత్రమే పేరుకొని ఉంటుంది. అక్కడ కర్రతో గుచ్చి చూడకుండా అడుగు వేయవద్దు. పైన పొర ఎండి గట్టిగా కనిపించినా కింద ఊబి ఉంటుంది.

నీటి గీతలను చదవడానికి కొంచెం లెక్క రావాలి. వాలుగా ఉన్న అంచు మీద చిన్న చిన్న మెట్లలాగా అడ్డగీతలు కనిపిస్తాయి. నీటి మట్టం కొన్ని రోజుల పాటు ఒకేచోట నిలబడినప్పుడు అలలు చెక్కిన గుర్తులవి. వాలు నూటికి ఒకటి అయితే, అంటే నూరడుగులకు ఒక అడుగు దిగితే, మట్టం ఒక సెంటీమీటరు తగ్గినప్పుడు నీటి అంచు మీటరు దూరం వెనక్కి వెళుతుంది. మన ప్రాంతపు ఎండలకు ఆవిరి రూపంలోనే రోజుకు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా నీరు పోతుంది. తూము తెరిస్తే తగ్గుదల అంతకన్నా వేగంగా ఉంటుంది. అందువల్ల గీతల మధ్య దూరం చూసి, వాలు ఎంతో తెలుసుకోకుండా, నీరు త్వరగా తగ్గిందని గానీ నెమ్మదిగా తగ్గిందని గానీ చెప్పకూడదు. వాలు తెలుసుకోవడానికి కర్రను నేల మీద మట్టంగా పట్టుకొని, దాని చివర నేలకు ఎంత ఎత్తులో ఉందో జానతో, బెత్తెడుతో కొలిస్తే సరిపోతుంది.

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. చెరువులో ఒండ్రు అంతకు రెండు నెలల ముందే పగులుతుంది. పలుచటి బురద పొర చిన్న చిన్న పెళ్ళలుగా చీలి అంచులు పైకి ముడుచుకుంటుంది. మందపాటి పొర పెద్ద పెద్ద గడులుగా, చెయ్యి దూరేంత లోతుగా నెర్రెలిస్తుంది. గేదె డెక్క గుర్తును నెర్రె చీల్చుకుంటూ పోతే గేదె ముందు నడిచింది, నేల తరువాత పగిలింది. డెక్క కింద నెర్రె అంచులు నలిగి మూసుకుపోయి ఉంటే పగిలిన తరువాత నడిచింది. ఈ ఒక్క గుర్తుతో రెండు సంఘటనల వరుస తేలిపోతుంది. లోతైన నెర్రె దొరికితే దాని గోడను కత్తితో శుభ్రంగా చెక్కి చూడండి. అడుగున ముతక ఇసుక, దాని పైన సన్న ఇసుక, అన్నిటికన్నా పైన నున్నటి బంకమట్టి ఉంటే అది ఒక్క వరద తెచ్చిన పొర. ఇలాంటివి ఒకదాని మీద ఒకటి ఉంటాయి కానీ, పొరకొక సంవత్సరమని లెక్కకట్టడం తొందరపాటు: ఒకే ఏడు రెండు వరదలు రావచ్చు, ఒక ఏడు అసలు రాకపోనూ వచ్చు.

నెర్రెల్లోనే పెద్ద నత్తలు కూడా దొరుకుతాయి. నీరు తగ్గేకొద్దీ అవి బురదలోకి దిగి, గుల్ల మూతిని మూతతో గట్టిగా బిగించుకొని వానాకాలం దాకా అలాగే ఉండిపోతాయి. మూత బిగిసి, గుల్ల బరువుగా ఉంటే అది బతికే ఉందని గ్రహించి, తీసినచోటే పెట్టేయండి. మూత ఊడిన ఖాళీ గుల్లలు ఒకేచోట కుప్పగా ఉంటే అది నత్తగుల్ల కొంగల పని కావచ్చు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించే ఆ కొంగను ఇంకో పక్షిగా పొరబడరు.

మొక్కల గురించి ఈసారికి ఒక్క మాట. నీటి అంచున ఉత్త బురద, దాని పైన కొత్తగా మొలిచిన తుంగ, ఆపైన పొన్నగంటి, గుంటగలగర వరుసగా కనిపిస్తే ఆ వరుస నీరు తగ్గిన క్రమాన్నే చెబుతుంది. సర్కారు తుమ్మ నడుమెత్తు పెరిగిన చోట ఇటీవల నీరు ఎక్కువ నెలలు నిలవలేదని అనుకోవచ్చు.

ఇక అభ్యాసం. పై గీత నుంచి నీటి అంచు దాకా తిన్నగా ఒక దారి ఎంచుకొని, పది అంగలకొకసారి ఆగి నాలుగు విషయాలు రాయండి: కాలికింద రాయా, ఇసుకా, బంకమట్టా; బిళ్ళలు ఏ వైపుకు వాలాయి; నెర్రెల మధ్య దూరం ఎన్ని జానలు; వాలు ఎంత. అదే దారిని రెండు వారాల తరువాత మళ్ళీ నడవండి. మీరు నడిచేటప్పుడు తీతువు తల మీద తిరుగుతూ అరవడం మొదలుపెడితే వెంటనే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్ళండి. ఆ అరుపు అపశకునమని పాపం దానికి చెడ్డపేరు వచ్చింది గానీ, ఫాల్గుణం దాటాక అది గులకరాళ్ళ మధ్య గుంటలో గుడ్లు పెడుతుంది. సాధారణంగా నాలుగు గుడ్లు, రాయి రంగు మీద నల్లటి మచ్చలతో, అడుగు దూరంలో ఉన్నా కంటికి ఆనకుండా ఉంటాయి. అలాంటి చోట దారిని ముప్ఫై అంగలు పక్కకు జరిపి, జరిపినట్టు పుస్తకంలో రాసుకోండి. లేకపోతే రెండోసారి కొలతలు మొదటివాటితో సరిపోలవు.